ఇచ్చిన ఇంట్లో రిపేరు, ఉన్న ఇంట్లో కొత్త గీజరు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంటి ఓనర్ల మీద అద్దెకుండేవాళ్లు, అద్దెకుండేవాళ్ల మీద ఓనర్లు రాసే ఉత్తరాలు మీ పేపర్లో చూస్తుంటాను. నేను రెండు రకాలూ రాయగలను, ఎందుకంటే నేను రెండూను. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో మాకో రెండు బెడ్రూంల ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. మా ఆయన ఆఫీసు, పిల్లాడి కాలేజీ ఇటువైపు కావడంతో మేమొచ్చి తార్నాకలో ఇంకొకరింట్లో అద్దెకుంటున్నాం. ఒక చేత్తో అద్దె తీసుకుని, దానికి ఇంకొంచెం కలిపి ఇంకో చేత్తో అద్దె కట్టే మాలాంటివాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉంటారు. వాళ్లకోసం, ముఖ్యంగా నాలాంటి ఓనర్ల కోసం ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, కత్తిరించాల్సి వస్తే కత్తిరించుకోండి కానీ కరెంటు లెక్కలు, ఎర్తింగ్ సంగతి మాత్రం తీసేయకండి.

గత చలికాలం రెండు మూడు రోజుల తేడాతో ఈ రెండు ఇళ్లలోనూ గీజర్లు మొరాయించాయి.

ముందు కేపీహెచ్‌బీ నుంచి ఫోనొచ్చింది. మా ఫ్లాట్లో ఉండేది చిన్న వయసు జంట, ఏడాదిన్నర పాప. ఆ అమ్మాయే చేసింది. "ఆంటీ, గీజర్ గంటసేపు వేసినా నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి, ఒక్కోసారి మెయిన్ బోర్డులో ఎంసీబీ స్విచ్చు కూడా పడిపోతోంది, పాప స్నానానికి స్టవ్ మీద కాచుకుంటున్నాం" అంది. నేను వెంటనే "అయ్యో, చిన్న రిపేరే అయ్యుంటుందమ్మా, రేపు మెకానిక్‌ని పంపిస్తాలే" అన్నాను. తార్నాకలో కూర్చుని, గీజర్ మొహం కూడా చూడకుండా, అది చిన్న రిపేరని నాకెలా తెలిసిందో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. చెయ్యి జారిపోబోయే తొమ్మిది వేలు కళ్ల ముందు కనపడితే ఏ ఓనరుకైనా అలాగే తెలుస్తుంది.

మెకానిక్ వెళ్లి విప్పి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. నీళ్లు కాచే ఎలిమెంట్ చుట్టూ వేలు మందాన తెల్లటి సున్నం పేరుకుపోయి ఉంది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా. మా అపార్ట్‌మెంట్లో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలమైతే ట్యాంకర్ నీళ్లు, అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. కుళాయిల మూతుల దగ్గర తెల్లగా గట్టిపడేది, కెటిల్ అడుగున పొలుసులా పట్టేది ఇదే. గట్టి నీళ్లను వేడి చేస్తే అందులో కరిగి ఉన్న కాల్షియం విడిపోయి సున్నంగా మారి, ఎక్కడ వేడి ఎక్కువుందో అక్కడ, అంటే ఎలిమెంట్ మీదే, పొరలు పొరలుగా అంటుకుంటుంది. ఆ పొర మందమయ్యేకొద్దీ లోపలి వేడి నీళ్లలోకి తొందరగా పోదు, ఎలిమెంట్ తనలో తనే కాలిపోతుంది, ఒకరోజు పగిలి కరెంటు నీళ్లలోకి లీకవుతుంది, లోపల షార్టయితే ఎంసీబీ కూడా పడిపోతుంది. ఆ అమ్మాయి చెప్పింది సరిగ్గా అదే.

ఎలిమెంట్, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్, గ్యాస్కెట్ మార్చి, సున్నమంతా గీకి, పందొమ్మిది వందలు తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఫోన్ చేసి, "మేడమ్, ట్యాంకు లోపల తుప్పు కనపడుతోంది, ఇది ఎక్కువ రోజులు రాదు, కొత్తది తీసుకుంటే బాగుండేది" అన్నాడు. కొత్త గీజర్ అమ్మితే ఇతనికేదో కమిషన్ ఉందిలే అనుకున్నాను నేను. మనసు అలాగే పనిచేస్తుంది, రిపేరు చేస్తానంటే మంచివాడు, మార్చమంటే దొంగ.

ఇక ఆ పందొమ్మిది వందలు ఎవరు భరించాలి అన్న ప్రశ్న వచ్చింది. నాకు సహజంగానే వాళ్లే భరించాలనిపించింది, వాడుకున్నది వాళ్లు కదా. ఆ రాత్రి కూర్చుని వెతికాను. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఉంది, మోడల్ టెనెన్సీ యాక్ట్ అంటారు. దాని చివర ఒక జాబితా ఉంది, ఏ రిపేర్లు ఓనరువి, ఏవి అద్దెకున్నవాళ్లవి అని. గోడలు, పైపులు, వైరింగ్, సున్నాలు వేయించడం ఓనరు వంతు. కుళాయి వాషర్లు, డ్రైనేజీ శుభ్రం చేయించడం, స్విచ్చులు, సాకెట్లు, ఇంకా, చదివి ఎగిరి గంతేశాను, "గీజర్ రిపేర్లు" అక్షరాలా అద్దెకున్నవాళ్ల వంతు. స్క్రీన్‌షాట్ తీశాను. ఆ అమ్మాయికి మర్యాదగా ఒక మెసేజ్ కూడా టైపు చేసి పెట్టుకున్నాను, పొద్దున్నే పంపుదామని.

పొద్దున లేచేసరికి తార్నాకలో మా బాత్రూం గీజర్ లైటు వెలగట్లేదు.

మా ఓనర్ పెద్దాయన, డెబ్భై దాటాయి, కింది ఫ్లోర్లోనే ఉంటారు. నేను నేరుగా కిందకి దిగి, "అంకుల్, గీజర్ పోయింది, కొత్తది పెట్టించండి" అన్నాను. చూడండి, నా ఫ్లాట్లో పాత గీజరుకు చూడకుండానే రిపేరు చెప్పిన మనిషిని, ఇక్కడ చూడకుండానే కొత్తది చెప్పాను. ఆయన నింపాదిగా "మెకానిక్‌ని పిలుద్దాం లేమ్మా, ఏమైందో చూస్తాడు" అన్నారు. పైకొచ్చి మా ఆయనతో "ఈ ఓనర్లందరూ ఇంతే, పైసా తియ్యరు" అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు, కాఫీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడంతే. రాత్రి టైపు చేసిన మెసేజ్ తీసేశాను.

తార్నాక గీజర్ వయసు నాలుగేళ్లే. అంకుల్ పిలిపించిన మెకానిక్ అరగంటలో తేల్చాడు. థర్మోస్టాట్ ఇరుక్కుపోయి నీళ్లు మరీ వేడెక్కిపోవడంతో లోపలున్న కటౌట్ దానంతట అదే కరెంటు ఆపేసింది. అది చేయాల్సిన పనే అది. థర్మోస్టాట్ మార్చాడు, కటౌట్ మీటని మళ్లీ నొక్కాడు, లైటు వెలిగింది. ట్యాంకు కడుగుతూ "రాడ్డు ఎన్నేళ్లకోసారి మార్పిస్తున్నారు సార్?" అని అడిగాడు. అంకుల్, నేను మొహమొహాలు చూసుకున్నాం. దానికో రాడ్డుంటుందని ఇద్దరికీ తెలీదు.

ఈ రాడ్డు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా దీని దగ్గరే ఉంది. గీజర్ లోపలి ట్యాంకు చాలావాటిలో ఇనుముదే, లోపలివైపు గాజులాంటి పూత ఉంటుంది. ఆ పూతలో ఎక్కడో ఒకచోట సన్నటి పగులు ఉండనే ఉంటుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. అందుకని లోపల ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు. ఇనుము కంటే మెగ్నీషియం తొందరగా కరిగిపోయే లోహం, కాబట్టి నీళ్లు ముందు దాన్ని తింటాయి, అది ఉన్నంతకాలం ట్యాంకు జోలికి అంతగా రావు. కడ్డీ అయిపోయాక ట్యాంకుని తినడం మొదలుపెడతాయి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లలో ఈ కడ్డీ ఇంకా తొందరగా అరిగిపోతుంది. నేను స్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, తుప్పు పాఠం ఇరవై ఏళ్లుగా చెప్తున్నాను, ఓడల అడుగున జింకు పలకలు పెడతారని బోర్డు మీద బొమ్మ కూడా వేస్తాను, మా బాత్రూంలో అదే ఉందని మాత్రం తట్టలేదు. మా మెకానిక్ తీసి చూపించిన కడ్డీ చీపురు పుల్లలా ఉంది. కొత్తది వేయడానికి నాలుగువందల యాభై తీసుకున్నాడు. థర్మోస్టాట్‌తో, విజిటింగ్ చార్జీతో అన్నీ కలిపి పన్నెండువందల యాభై.

నాకప్పుడే గుండె గుభేలుమంది, కేపీహెచ్‌బీ గీజర్ పెట్టి పదమూడో ఏడు నడుస్తోంది. ఈ పదమూడేళ్లలో ఐదు కుటుంబాలు మారాయి. గీజర్ ఆగిపోయినప్పుడు తప్ప ఎవ్వరూ దాన్ని విప్పి చూడలేదు. అద్దెకున్నవాళ్లు నాదనుకుంటారు, నేను వాడేవాళ్లదనుకుంటాను, పదకొండు నెలల అగ్రిమెంటు మీద వచ్చినవాళ్లు పదేళ్ల తర్వాతి తుప్పు గురించి ఎందుకు ఆలోచిస్తారు చెప్పండి. ఆ పదకొండు నెలలు కూడా మనమే పెట్టుకున్నాం, రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా ఉందామని.

అనుకున్నంతా అయింది. నెల తిరక్కుండానే ఆ అమ్మాయి మళ్లీ ఫోన్, గీజర్ అడుగునుంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయని. నేను సిగ్గు లేకుండా వెల్డింగ్ పెట్టిస్తే సరిపోదా అని అడిగాను. మా అమ్మమ్మగారి ఊళ్లో రాగి బాయిలర్ ఉండేది, మధ్యలో గొట్టం, అందులో కట్టెపుల్లలు, కొబ్బరి చిప్పలు వేసి నిప్పు పెడితే చుట్టూ నీళ్లు కాగేవి. దానికి చిల్లు పడితే మాటు వేయించేవాళ్లు, మూడు తరాలు వాడారు. అదే ధీమా నాది. మెకానిక్ నవ్వి, "అది రాగి మేడమ్, ఇది పూత పూసిన ఇనుము, పైన ఫోమ్ నింపుంటది, మంట పెడితే ఫోమ్ కాలుద్ది, లోపలి పూత కూడా పోద్ది, పక్కనే ఇంకో చిల్లు పడ్తది" అన్నాడు. దాంతో కొత్తది. ఫిట్టింగు, కొత్త కనెక్షన్ పైపులు అన్నీ కలిపి తొమ్మిది వేల రెండొందలు. అంతకుముందు పెట్టిన పందొమ్మిది వందలు బూడిదలో పోసిన పన్నీరు. అంటే, రిపేరు చేయాల్సిన చోట కొత్తది అడిగాను, మార్చాల్సిన చోట రిపేరు చేయించాను, రెండు చోట్లా నా జేబు ఎటు చూపిస్తే అటే నడిచాను.

కొత్తది కొనేటప్పుడు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. షాపులో నాలుగు స్టార్లదానికీ, ఐదు స్టార్లదానికీ దాదాపు వెయ్యి తేడా ఉంది. కరెంటు బిల్లు నేను కట్టను కదా, నాకెందుకు ఐదు స్టార్లు అనుకున్నాను. చివరికి ఐదు స్టార్లదే కొన్నాను, మంచితనంతో కాదు, ఆరోజు నాలుగు స్టార్లది స్టాకు లేదు. ఓనరు కొంటాడు, బిల్లు ఇంకొకరు కడతారు, ఈ లెక్కలో స్టార్లు ఎవరికి కావాలి?

ఇంతకీ ఆ స్టార్లు ఎందుకిస్తారో కూడా చాలామందికి తెలీదు. గీజర్‌లో నీళ్లు కాగాక అలా వదిలేస్తే ఇరవై నాలుగు గంటల్లో ఎంత వేడిని బయటికి పోగొట్టుకుంటుంది అన్నదాని మీదే ఇస్తారు. తక్కువ పోగొట్టుకుంటే ఎక్కువ స్టార్లు. కాబట్టి స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపేసే ఇళ్లలో స్టార్ల తేడా పెద్దగా తెలియదు. పొద్దున వేసి రాత్రిదాకా వదిలేసే ఇళ్లలోనే తెలుస్తుంది.

"పాత గీజర్ కరెంటు తాగేస్తది, అందుకే మార్చాలి" అని కూడా అంటుంటారు, అమ్మేవాళ్లూ అంటారు, అద్దెకున్నవాళ్లూ అంటారు, తార్నాకలో అంకుల్ దగ్గర నేనూ అన్నాను. ఇందులో సగమే నిజం. నీళ్లలో మునిగిన ఎలిమెంట్ పాతదైనా కొత్తదైనా తీసుకున్న కరెంటుని దాదాపు మొత్తం వేడిగానే మారుస్తుంది, ఆ వేడి చివరికి నీళ్లలోకే పోవాలి. సున్నం పట్టినదైతే ఎక్కువసేపు పడుతుంది, ఎలిమెంట్ తొందరగా కాలిపోతుంది, అంతేగానీ బకెట్ నీళ్లకి రెట్టింపు కరెంటు లాగేయదు. లెక్క మా పిల్లలకి ఇచ్చేదే. మన చలికాలంలో మిద్దె మీద ట్యాంకు నీళ్లు ఇరవై డిగ్రీలున్నాయనుకోండి, స్నానానికి నలభై డిగ్రీలు కావాలి. పద్దెనిమిది లీటర్ల బకెట్‌ని ఇరవై డిగ్రీలు పెంచడానికి 0.42 యూనిట్లు. పైపుల్లో, గీజర్ గోడల్లో పోయేది కలుపుకుంటే మనిషికి అర యూనిట్. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు, నెలకు అరవై యూనిట్లు.

ఈ అరవై యూనిట్లు అందరికీ ఒకేలా తగలవు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడేవాళ్లకి, అర్హత ఉంటే అద్దెకున్నవాళ్లకి కూడా, జీరో బిల్లు వస్తోంది కదా. 200 దాటితే దాటినంత వరకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. మా స్కూల్లో ఆయమ్మ ఉప్పల్ వైపు ఒక పోర్షన్‌లో అద్దెకుంటుంది. ఏడాదంతా జీరో బిల్లే. జనవరిలో గీజర్ పుణ్యమా అని 200 దాటింది, వెయ్యికి పైగా కట్టింది. వచ్చే నెల నుంచి గీజర్ ఆపేసి, బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు కొనుక్కుంటానంది, కరెంటు మిగులుతుందని. బకెట్ నీళ్లు కాగడానికి దేనితో కాచినా దాదాపు ఆ అర యూనిట్టే అవుతుందమ్మా, పైగా ఆ రాడ్డు బకెట్లో ఉండగా చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు అని చెప్పి ఆపాను. కావాలంటే గీజర్ టెంపరేచర్ తగ్గించుకో, అయిపోగానే ఆపెయ్యి అన్నాను. ఆ పోర్షన్ ఓనరు గీజరుకు టెంపరేచర్ తిప్పే మీటే విరిగిపోయి ఉందట. అదీ ఒక రిపేరే, ముప్పై రూపాయల మీట, ఎవరూ వేయించరు.

ఇప్పుడు ఎర్తింగ్. మెకానిక్‌లిద్దరూ విడివిడిగా చెప్పింది ఇదొక్కటే, కాబట్టి నేనూ నొక్కి చెప్తున్నాను. రిపేరా కొత్తదా అని మనం కొట్టుకుంటాం గానీ, కొత్త గీజర్ తెచ్చి ఎర్తింగ్ లేని సాకెట్‌కి పెడితే ఏం లాభం? మా కేపీహెచ్‌బీ ఫ్లాట్లో ఎర్తు వైరు సాకెట్ దాకా వచ్చింది, అక్కడ ఊడిపోయి ఉంది. ఎన్నేళ్ల నుంచో దేవుడికే తెలియాలి. ఎలిమెంట్ పగిలి కరెంటు నీళ్లలోకి వచ్చిన రోజుల్లో ఆ అమ్మాయి పాపని పట్టుకుని ఆ బాత్రూంలోకి వెళ్లింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్ వస్తుంది. ఎంసీబీ ఉంది కదా అనుకుంటాం, అది వైర్లు కాలకుండా కాపాడేది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, 30 మిల్లీఆంపియర్లు లీకయినా టప్పున పడిపోతుంది. పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అది ఉండదు. నేను పెట్టించాను, ఎర్తు వైరు కలిపించాను, కాలి నల్లబడిన ప్లగ్ టాప్ మార్పించాను. రెండు వేల వాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాల్సిందే, మామూలు సాకెట్‌కి కన్వర్టర్ తగిలించి వాడటం తప్పు. ఎర్తు కూడా వైరింగే కాబట్టి నా లెక్కన ఇది ఓనరు పనే, ఇందులో బేరాల్లేవు.

ఖర్చు తగ్గుతుందని కొందరు బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకోమని సలహా ఇస్తారు, నాకూ ఇచ్చారు. మన అపార్ట్‌మెంట్ బాత్రూంలకి జానెడు వెంటిలేటర్ ఉంటుంది, చలికాలం అదీ మూసేస్తాం. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, మనిషికి తెలిసేలోపే పడిపోతాడు. అది బాత్రూం లోపల పెట్టే వస్తువు కాదు.

ఇంకో చిన్న సంగతి, దీనివల్ల మంచి గీజర్లు కూడా అనవసరంగా మార్చేస్తున్నారు. గీజర్ కింద చిన్న వాల్వ్ ఉంటుంది, నీళ్లు కాగేటప్పుడు దాన్నుంచి బొట్లు పడతాయి. అది లీకేజీ కాదు. నీళ్లు కాగితే పెరుగుతాయి, పెరిగిన నీళ్లు బయటికి పోవడానికే ఆ వాల్వ్. కొందరు చిరాకుపడి దానికి గుడ్డ కుక్కుతారు, డమ్మీ బిగిస్తారు, లోపల ప్రెషర్ పెరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గీజర్ ఆపేసి చల్లారాక కూడా కారుతుంటే వాల్వ్ చూపించుకోవాలి. వాల్వ్ దగ్గర కాకుండా గీజర్ ఒంటి అడుగునుంచి, అందులోనూ ఎర్రగా కారుతుంటే ట్యాంకు పోయినట్టే, దానిమీద ఇంక రూపాయి కూడా పెట్టకండి. ట్యాంకు గట్టిగా ఉండి మిగతా ఏది పోయినా, ఎలిమెంట్, థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్, రిపేరే మేలు, వయసు నాలుగైదేళ్ల లోపైతే ఆలోచించాల్సిన పనే లేదు. చాలా కంపెనీలు ట్యాంకుకి ఐదేళ్లు ఆపైన వారంటీ ఇస్తాయి, బిల్లు ఓనరు దగ్గరుంటుంది, గీజర్ అద్దెకున్నవాళ్ల దగ్గరుంటుంది, కాబట్టి అది ఎవరికీ గుర్తుండదు. మధ్య వయసుదైతే, ఏడెనిమిదేళ్లదైతే, మెకానిక్‌ని ఎలిమెంట్ కోసం విప్పినప్పుడే లోపల టార్చి వేసి ట్యాంకు ఫొటో తీసి పంపమనండి. నాకు పంపాడు, నేనే చూడదల్చుకోలేదు.

చట్టం సంగతికొస్తే, నేను స్క్రీన్‌షాట్ తీసి మురిసిపోయిన ఆ జాబితా నమూనా మాత్రమే, ఏ రాష్ట్రమైనా తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ నడుస్తుంది. అందులోనే, ఓనరు తన వంతు రిపేర్లు చేయించకపోతే అద్దెకున్నవాళ్లు చేయించుకుని అద్దెలో కోసుకోవచ్చు, నెలకు సగం అద్దె మించకుండా, అని కూడా ఉంది, ఆ రాత్రి నేను ఆ లైను దాకా చదవలేదు. అంతకంటే పాతది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, దాని 108వ సెక్షన్‌లో ఇలాంటిదే ఉంది. ఓనరు చేయాల్సిన రిపేరు చెప్పినా చేయకపోతే అద్దెకున్నవాళ్లు చేయించి, ఖర్చుని వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవాళ్ల నెత్తిన పడదని కూడా అక్కడే ఉంది. అద్దెకున్నవాళ్లు సొంతంగా బిగించుకున్నవి వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు, ఇల్లు ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పి. ఇవన్నీ అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతేనే. అంటే చివరికి తిరిగి తిరిగి అగ్రిమెంటు దగ్గరికే వస్తాం.

మన అగ్రిమెంట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. వంద రూపాయల బాండు పేపరు మీద ఎప్పటిదో టైపు చేసిన నమూనాలో పేర్లు మార్చి ప్రింటు తీస్తారు. చివర్లో "ఫ్యాన్లు 4, ట్యూబ్ లైట్లు 5, గీజర్ 1" అని ఉంటుంది. గీజర్ ఎప్పటిది, ఎన్ని లీటర్లది, సర్వీసింగ్ ఎవరు చేయిస్తారు, ఏమీ ఉండదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోసుకుంటాం అన్నది మాత్రం మరిచిపోకుండా ఉంటుంది. పెయింటింగ్ సంగతి ముందే రాసుకునే మనం, గోడ రంగు వల్ల ఎవరి ప్రాణమూ పోదని తెలిసి కూడా, గీజర్ గురించి ఒక్క లైను రాసుకోం.

నేను మాత్రం ఈసారి కేపీహెచ్‌బీ అగ్రిమెంటు రెన్యువల్‌లో రాయించాను. గీజర్ 25 లీటర్లు, కొన్న నెల, సంవత్సరం, బిల్లు జిరాక్స్ అగ్రిమెంటు వెనక పిన్ను చేశాం. రెండేళ్లకోసారి సున్నం గీకించి కడ్డీ చూపించే ఖర్చు నాది. ఎలిమెంట్, థర్మోస్టాట్ పోతే చెరి సగం. ట్యాంకు పోతే మొత్తం నాది. నీళ్లు లేకుండా గీజర్ వేసి కాలిస్తే వాళ్లది. ఆ అబ్బాయి చదివి, "ఆంటీ, ఆ మొదటి రిపేరు పందొమ్మిది వందల సంగతి?" అని అడిగాడు, వాళ్లని అడుగుతాననుకున్నట్టున్నాడు. అది నా ఖర్చులోకే వేసుకున్నాను. డిలీట్ చేసిన మెసేజ్ గురించి చెప్పలేదు.

తార్నాకలో పన్నెండువందల యాభై అంకులే ఇచ్చారు, నేను ఎంత చెప్పినా కడ్డీ డబ్బులు కూడా తీసుకోలేదు. అగ్రిమెంటులో గీజర్ లైను రాద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు, "ఇన్ని రాసుకుంటూ పోతే బాండు పేపరు చాలదమ్మా, నేను లేనా ఏంటి" అన్నారు. ఏప్రిల్‌లో రెన్యువల్ ఉంది. అప్పటికి ఎలాగూ మిద్దె మీద ట్యాంకు నీళ్లే కాలిపోతుంటాయి, గీజర్ ఎవరికీ గుర్తుండదు, అయినా మళ్లీ అడుగుతాను.

ఇట్లు,
తార్నాక నుంచి ఒక పాఠకురాలు